గజామూంగ్ పేరు

కోంట, బస్తర్ సంస్థానం
జనవరి 9, 1947

చిరంజీవి తమ్ముడు రామనాథానికి,

దీవెనలు ఉత్తరం చివర రాస్తాను, అప్పటికి మనసు కుదురుకుంటే.

నీ ‘తోకచుక్క’ జనవరి సంచిక నిన్న శబరి దాటి వచ్చింది. తడవకూడదని పడవవాడు తలపాగాలో చుట్టి తెచ్చాడు. నీళ్ళలో పడి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపిస్తోంది.

ఏడాదిగా వేస్తున్న ‘నింగి ఓడ’ బొమ్మల కథకు ఆఖరి భాగం పాఠకులే రాసి పంపాలని పోటీ పెట్టింది నువ్వు. ఓడ కుజగ్రహం మీద దిగింది, నాయకుడు జయంతుణ్ణి కుజరాజు బంధించాడు, ఇక ఏ బొమ్మలో ఏముండాలో, ఎవరు ఏం మాట్లాడాలో మీరే రాయండి అన్నావు. నా మనవరాలు తాయారు, దాని స్నేహితురాలు పొజ్జే కలిసి రాశారు. పొజ్జే అంటే మన కొట్టుకు చింతపండు, ఇప్పపువ్వు తెచ్చే దోర్ల కోయ తెగ భీమా కూతురు. ఇక్కడి బడిలో హిందీ తప్ప చెప్పరు కనక ఇద్దరికీ తెలుగు చదువు నా అరుగు మీదే. వర్షాలు వెలిసిన నాటి నుంచి ఆ అరుగు మీదే కూర్చుని, కొట్టుకుని, చెరిపి, మళ్ళీ రాశారు. ఇద్దరు కూర్చుని కుట్టిన బొంతలో ఏ కుట్టు ఎవరిదో చెప్పగలమా? ఆ కథ అలాంటిది.

బహుమతి వచ్చింది. సంతోషం. అచ్చులో ఏముంది? ‘రచన: కుమారి తాయారు, కోంట.’ అంతే.

నిన్న తాయారు కొట్టు ముందు నిలబడి పెద్దగా చదివింది. పొజ్జే పక్కనే వంగి, పేరు కింద వేలు పెట్టి, ఆ వేలు పంక్తి చివరిదాకా జరిపి, తర్వాతి పంక్తికి దింపి, మళ్ళీ పైకి తెచ్చింది.

“నాయనమ్మా, నాదేది?” అంది.

సంచి దింపుతున్న భీమా అందుకున్నాడు.

“ఏంది సావుకారమ్మా, పిల్ల పేరు మింగిండ్రా? చింతపండంటే తూకంల మింగుతరు, అది ఎరుకే. పేరు ఎట్ల మింగిండ్రు?”

నలభై ఏళ్ళుగా ఈ కొట్టు తక్కెడ నా చేతిలో ఉంది. ఆ మాట నా మొహాన ఎవరూ అనలేదు. నిన్న అన్నాడు, నేను పడ్డాను.

ఇక కథ సంగతి. పిల్లలు రాసిందేమిటి? కుజరాజు దగ్గర ఒక సత్యయంత్రం ఉంది. అందులో కూర్చోబెడితే మనసులో ఉన్న పేరు దానంతటదే బయటికి వస్తుంది. ఓడకు దొంగచాటుగా ఇంధనం తెచ్చిచ్చిన కుజగ్రహపు పిల్ల పేరు రాబట్టాలని రాజు జయంతుణ్ణి అందులో కూర్చోబెడతాడు. కానీ అంతకు ముందే జయంతుడు, ఆ పిల్ల నానిన పెసలు పంచుకుని గజామూంగ్ స్నేహం కట్టుకున్నారు. ఆ క్షణం నుంచి ఆమె పేరు అతని మనసులో లేదు, గజామూంగ్ అన్న పిలుపే ఉంది. యంత్రం ‘గజామూంగ్, గజామూంగ్’ అని అరిచి అరిచి పొగలు కక్కి ఆగిపోతుంది. పేరు దొరకదు. పిల్ల బతుకుతుంది.

నువ్వు వేసిందేమిటి? జయంతుడు పిడికిలితో యంత్రాన్ని బద్దలు కొడతాడు. ఆ పిల్ల మెడలో ఎముకలు, మొలకు ఆకులు. జయంతుడి పెట్టె నెత్తిన పెట్టుకుని ఓడ దాకా మోస్తుంది.

పొజ్జే పేరు ఎందుకు లేదు? కథ ఎవరు మార్చారు? ఈ రెండింటికీ జవాబు రాయి. పండగ కబుర్లు వద్దు.

అక్క,
కన్యకమ్మ

*

మద్రాసు
జనవరి 20, 1947

పూజ్యురాలైన అక్కయ్యకు రామనాథం నమస్కారాలు.

నీ ఉత్తరం నిలబడే చదివాను. చిన్నప్పుడు ఎక్కాలు తప్పినప్పుడు నిలబెట్టేదానివి కదా, కాళ్ళకు ఇంకా గుర్తుంది.

ముందు తాయారుకు నా ముద్దులు. వందల కాగితాల్లోంచి దానిది ఎంపికయింది. దాని తాతయ్యను నేను కాబట్టి కాదు, నిజంగా బాగుంది.

పేరు సంగతి. పోటీ కాగితం మీద రెండో పేరు ఉండాల్సిన చోట నీ మనవరాలు ఏం రాసిందో తెలుసా? ‘నా గజామూంగ్ పేరు నేను పలకకూడదు, రాయకూడదు’ అని! ఆఫీసులో అందరం తెగ నవ్వుకున్నాం. ఆ మాటకు అర్థం మద్రాసులో ఎవరికి తెలుస్తుంది? పేరు రాయని మనిషి పేరు నేనెక్కణ్ణుంచి తెచ్చి వెయ్యను? నిబంధనల్లో స్పష్టంగా ఉంది, పేరు లేని రచన పరిశీలించబడదు అని. నిజానికి తాయారుది కూడా పక్కన పెట్టాల్సింది.

కథ మార్చడం పత్రికలో మామూలు. పిల్లలకు దెబ్బలాట కావాలి. యంత్రం దానంతటదే ఆగిపోతే బొమ్మలో ఏం చూపిస్తాం? పైగా యుద్ధం అయిపోయినా కాగితం కోటా ఎత్తెయ్యలేదు, ఉన్న నాలుగు పేజీల్లోనే ముగించాలి.

బహుమతి దుర్భిణి పార్సిలు చేశాను. చంద్రుడి మీద మచ్చలు కూడా కనిపిస్తాయి. ఇద్దరూ చూసుకోమను, గొడవ తీరిపోతుంది.

మేనల్లుడు నరసింహులును అడిగానని చెప్పు.

నీ
రామనాథం

*

కోంట
ఫిబ్రవరి 3, 1947

రామనాథానికి,

ఆ కాగితం మీద తాయారు రాసిన వాక్యం చదివి నవ్వుకున్నామన్నావు. చదివావన్నమాట. అయితే దాని కిందనే నా చేత్తో రాసిన వాక్యం కూడా చదివి ఉండాలి. ‘ఈ పిల్ల పలకకూడని ఆ పేరు పొజ్జే, తండ్రి పేరు భీమా, ఊరు కోంట. ఇక్కడి ఆచారం వల్ల నేను రాయవలసి వచ్చింది. కన్యకమ్మ.’ నీకు ఓనమాలు దిద్దించిన చేతి రాత అది. పై పంక్తికి నవ్విన కళ్ళు కింది పంక్తికి గుడ్డివయ్యాయా?

మొదటి ఉత్తరంలో ఈ సంగతి కావాలనే రాయలేదు. నువ్వు ఏం చెబుతావో చూద్దామనుకున్నాను. చూశాను.

గజామూంగ్ అంటే మద్రాసుకు తెలియదన్నావు. అడిగితే చెప్పేదాన్ని. జగదల్‌పూర్‌లో ఆషాఢంలో గోంచా పండగ, జగన్నాథుడి రథం. ఆ ప్రసాదం నానబెట్టిన పెసలు. కిందటేడు నరసింహులు అవి ఆకులో కట్టి తెచ్చాడు. తాయారు, పొజ్జే మన అరుగు మీద పెద్దల ముందు ఒకరికొకరు తినిపించుకుని గజామూంగ్ అయ్యారు. ఇక్కడ అది మాటవరస స్నేహం కాదు, చుట్టరికం. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోట పలకరు, చేత రాయరు. ఆ పిల్ల నన్ను నాయనమ్మా అంటుంది. ఆ పిల్ల ఇంట్లో చావైనా పుటకైనా తాయారుకు మైల ఉంటుంది.

ఇది అడివి వింత అని నవ్వుకోకు. మీ బావగారి పేరు నేను ఆయన ఉన్నన్నాళ్ళూ పలకలేదు, పోయాకా పలకలేదు. తహసీలు కచేరీలో గుమాస్తా “మగని పేరేంది?” అంటే నేను తల దించుకునేదాన్ని, పక్కనున్నవాళ్ళు అందించేవారు. నేను పలకలేదు కనక ఆయన పేరు లేని మనిషి అయ్యాడా? పలకకూడని వాళ్ళు ఉన్నప్పుడు పలకవలసినవాళ్ళు పక్కనుంటారు. ఊరు ఉండేది అందుకు. నేను పక్కనుండి అందించాను. నువ్వు కొట్టేశావు.

ఇక్కడేం జరుగుతోందో కూడా విను. పొజ్జే అరుగెక్కడం మానేసింది. మొన్న తాయారు వాళ్ళ గూడేనికి వెళ్ళింది. పొజ్జే ఇప్పపువ్వు రాలే చోట నేల ఊడుస్తోంది. దీన్ని చూసి నోరు తెరిచిందట, మళ్ళీ మూసుకుని ఊడుస్తూ పోయిందట. ఇంటికొచ్చి పిల్ల అన్నం ముట్టలేదు.

భీమాను పిలిపించి అడిగాను. “దానికి కోపముంటే ఉండనీ, ఆ బంధం తెంపుకుంటారా?” అన్నాను.

“ఎట్ల తెంపుతరు? మా తాతల కాలంల ఎవ్వరు తెంపలే. ఎట్ల తెంపాల్నో మాకు ఎరుక లేదు,” అన్నాడు. “పేరు పెట్టి పిలువొద్దు. గజామూంగ్ అని పిలువబుద్ధి కాదు. ఇగ ఏమని పిలుస్తది, నువ్వే చెప్పు. విత్తనాల పండుగకు పెద్దలు కూసుంటరు, వాళ్ళనడుగుత. ఏదన్న తొవ్వ ఉంటే తెంపుడే.”

విత్తనాల పండుగ చైత్రంలో. దానిలోపల నీ పత్రికలో పొజ్జే పేరు రావాలి. తాయారు పేరు ఎంత అక్షరాల్లో వచ్చిందో అంత అక్షరాల్లో. పిల్లలు రాసిన ముగింపు రాసినట్టుగా రావాలి.

నీ పార్సిలు వచ్చింది. లక్క ముద్ర కూడా విప్పలేదు. ఉప్పు బస్తాల మీద ఉంది.

కన్యకమ్మ

*

మద్రాసు
ఫిబ్రవరి 14, 1947

అక్కయ్యకు,

నీకు అబద్ధం చెప్పి గెలిచినవాడు మన ఇంట్లో ఎవరూ లేరు. నేను మాత్రం ఎందుకు ప్రయత్నించానో.

నీ వాక్యం చదివాను. రెండు పేర్లూ రాసే కంపోజింగుకు ఇచ్చాను. ప్రూఫు పత్రిక యజమాని బల్ల మీదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, “ఈ పొజ్జే ఎవరయ్యా?” అన్నాడు. చెప్పాను. “కోయపిల్లా? కోయపిల్ల రాసిన కథ చదివించడానికా చందాదారులు డబ్బు కట్టేది? రేపు పెద్దింటివాళ్ళు పత్రిక మానిపిస్తే నువ్వు కడతావా?” అన్నాడు. ఎర్రసిరాతో కొట్టేశాడు. బొమ్మలు కూడా ఆయన చెప్పినట్టే వేయించాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

నాకు ఒక ఆలోచన కూడా వచ్చింది, దాచను. తాయారు పేరు ఒక్కటే ఉంటే దానికే మంచిది కదా అనుకున్నాను. పిల్లకు గౌరవం అనుకున్నాను.

మార్చి సంచికలో సవరణ వేయిస్తాను. యజమానిని ఒప్పించే దారి ఒకటి తోచింది. ముగింపు మళ్ళీ వెయ్యడం మాత్రం కుదరదు, బొమ్మలకు కొత్త బ్లాకులు చేయించాలి. పేరు వస్తుంది. నా మాట నమ్ము.

రామనాథం

*

కోంట
మార్చి 12, 1947

‘తోకచుక్క’ పత్రికా సంపాదకుల వారికి,

అయ్యా,

మీ మార్చి సంచిక అందింది. ఆఖరి పేజీలో, తలనూనె ప్రకటన కింద, తాము వేసిన సవరణ చదివాము. ‘గత పోటీలో బహుమతి పొందిన కుమారి తాయారుకు ఆమె నెచ్చెలి కుమారి పుష్ప సహకరించినట్లు తెలిసి సంతోషిస్తున్నాము.’

పుష్ప ఎవరండీ?

కోంటలో పుష్ప అనే పిల్ల లేదు. శబరి అవతల ఉందేమో విచారించాను, అక్కడా లేదు. లేని పిల్లను పుట్టించి, దానికి మా పిల్ల కథ ధారపోసే అధికారం మీకు ఎవరిచ్చారు? పొజ్జే అన్న పేరు అచ్చులో పడితే మీ ప్రెస్సు అక్షరాలకు మైల అంటుకుంటుందా? ‘సహకరించిన’ అంటే ఏమిటి? విసనకర్ర విసిరిందా? మంచినీళ్ళు అందించిందా?

ఇక్కడ జరిగింది తమకు తెలియాలి. పేరు వస్తోందని ఒక పెద్దమనిషి మాట నమ్మి నేనే గూడేనికి కబురు పంపాను. పొజ్జే వచ్చింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నా అరుగెక్కింది. తల దువ్వుకుని, పూసల దండలు వేసుకుని వచ్చింది. తల్లి గంగే కూడా వెంట వచ్చింది. సంచిక నేనే విప్పి ఆ పిల్ల చేతికిచ్చాను. తనకు తానే చదువుకోవాలని ముందుగా నేను చూడలేదు. చూడకపోవడం నా బుద్ధితక్కువ.

వేలు పెట్టి చదివింది. పుష్ప దగ్గర వేలు ఆగింది.

“నాయనమ్మా, గిదెవరు?” అంది. ఆ వేలు తన గుండె మీద పెట్టుకుని, “నేనేనా?” అంది.

గంగే పుస్తకం లాక్కుని, చదవడం రాకపోయినా తిరగేసి బోర్లేసి చూసింది. భీమా నవ్వాడు. వాడు తిట్టినా ఓర్చుకునేదాన్ని.

“మింగిండ్రు అనుకున్న, సావుకారమ్మా. ఇప్పుడు కక్కిండ్రు. కక్కిన దాంట్ల మా పిల్ల లేదు.”

తాయారు గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఏడుస్తూ కూడా స్నేహితురాలి పేరు చెప్పి ఓదార్చలేదు, గజామూంగ్ అని పిలవడానికి దానికి మొహం లేదు. రెండూ పోయిన పిల్ల నోరు ఎలా ఉంటుందో తమరు బొమ్మ వేయించగలరా?

ఈ ఊళ్ళో ఒకరి పేరు పలకకుండా ఉండటం ప్రేమకు గుర్తు. ఇవాళ్టి నుంచి ఒక మనిషి పేరు నేను మరో కారణానికి పలకను. మా నాన్న పెట్టిన పేరు అది. నా చేత్తో పలక మీద మొదట రాయించిన పేరు కూడా అదే. ఆ పలక నీళ్ళతో కడిగేశాననుకుంటాను.

దుర్భిణి ముద్ర విప్పకుండానే తిరుగు పార్సిలులో పంపుతున్నాను. దూరంగా ఉన్నవి కనిపించే సామాను అవసరం తమకే ఎక్కువ.

ఇట్లు,
కన్యకమ్మ

*

మద్రాసు
మార్చి 21, 1947

అక్కయ్యా,

సంపాదకుల వారికి అని రాశావు. ఉత్తరం సంపాదకుడే విప్పాడు. సంపాదకుడు నేను కాదు.

పత్రిక మొదటి పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో సంపాదకుడని ఉంటుందే, అది యజమాని పేరు. కథలు ఏరేది నేను. దిద్దేది నేను. ‘నింగి ఓడ’ ఏడాది పాటు ప్రతి మాటా రాసింది నేను. చిన్న పిల్లలు సంపాదక మామయ్యకు ఉత్తరాలు రాస్తే జవాబులు రాసేదీ నేనే, కింద సంతకం ఆయనది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడు మద్రాసులో పత్రిక నడుపుతున్నాడని నువ్వు కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటావని నరసింహులు రాశాడు. ఎలా చెప్పను?

నీ ఉత్తరం ఆయన ఆఫీసులో అందరి ముందూ పెద్దగా చదివాడు. విసనకర్ర దగ్గర మళ్ళీ ఒకసారి చదివాడు. “ఎవరయ్యా ఈ ముసలమ్మ?” అన్నాడు. మా అక్క అన్నాను. అందరూ నా వైపు చూశారు. నువ్వు కోరుకున్నది అదే అయితే జరిగింది.

నాకూ కోపం వస్తుందక్కయ్యా. నువ్వు అరుగు మీద కూర్చుని ధర్మం చెబుతావు. ఇక్కడ నాకు అరుగు లేదు. పుష్ప అని పెడితే ఒప్పుకుంటానన్నాడు ఆయన. పేరేదైతేనేం, పిల్ల ఉన్నట్టు తెలిస్తే చాలదా అనుకున్నాను. అది కూడా ఎంత బతిమాలితే ఒప్పుకున్నాడో నీకు తెలియదు.

నా పేరు మాత్రం అచ్చులో ఉందా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఉందా? నేను ఏడ్చానా?

రామనాథం

*

కోంట
మార్చి 31, 1947

ఏడవాల్సింది.

మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాలు నేను ప్రతి నెలా చదువుతాను. ఎక్కడ ఏముందో, ఏది లేదో చూడకుండా కాగితం పక్కన పెట్టే అలవాటు నాకు లేదు. నీ పేరు లేదని మొదటి సంచిక నాడే చూశాను. నువ్వే చెబుతావని ఊరుకున్నాను. కొట్టుకొచ్చిన వాళ్ళకు చెప్పుకున్నది మాత్రం నిజం, పత్రిక నడిపేది నువ్వే కదా. పలకవలసిన పేరు నేను పలికాను, అంతే.

నీ పేరు మింగినవాడి మీద నీకు కోపం రాలేదు. వాడి బల్ల ముందు నిలబడి, వాడు ఇంకో పేరు మింగుతుంటే నీళ్ళ చెంబు పట్టుకున్నావు. ఆకలి తెలిసినవాడు పక్క విస్తరి లాక్కోడు. మన అమ్మ నిన్ను అలా పెంచలేదు, నేనూ పెంచలేదు.

తెల్లవాడు ఏడాదిలో మూట కట్టుకుని పోతాడట, నరసింహులు రేడియో విన్నవాళ్ళు చెబితే విని వచ్చాడు. పోనీ. మీ యజమాని ఎక్కడికీ పోడు. వాడికి ఎదురు నిలబడే స్వతంత్రం నీకు ఎవరూ ప్రకటించి ఇవ్వరు.

భీమా పెద్దలతో మాట్లాడాడు. విత్తనాల పండుగ రోజున వాళ్ళు కూర్చునేది ఖాయం. తెంపడానికి ఒక పద్ధతి కొత్తగా పుట్టిస్తారట. ఈ దేశంలో ఎన్నడూ లేని పద్ధతి నీ పత్రిక వల్ల పుట్టబోతోంది.

తాయారు నిన్న అడిగింది, “నాయనమ్మా, నేనే పేరు రాసేస్తే ఎట్ల? తప్పు నాకే తగలనీ. దానికి పేరు దొరుకుద్ది కదా,” అని. వద్దన్నాను. ఇద్దరు పిల్లలు నిలబెట్టుకున్న మాటను పెద్దవాళ్ళ పిరికితనం కోసం ఒకర్తె ఒదులుకోవాలా?

ఈ ఉత్తరానికి పైన పేరు లేదు, గమనించే ఉంటావు.

కన్యకమ్మ

*

మద్రాసు
ఏప్రిల్ 8, 1947

అక్కయ్యకు,

ఏప్రిల్ సంచిక మొన్న బయటికి వచ్చింది. దీనితోనే ఒకటి పంపుతున్నాను.

ఆఖరి పేజీల ఫారం మెషీను ఎక్కే రోజు యజమాని పెళ్ళికని కాంచీపురం వెళ్ళాడు. కంపోజిటరు నా మొహం చూశాడు, ఏమీ అడగలేదు. తలనూనె ప్రకటన తీసేశాం. పిల్లల ముగింపు, వాళ్ళు పంపిన మాటల్లోనే, బొమ్మలు లేకుండా వేశాం. పేర్లు నా చేత్తో నేనే పేర్చాను. అచ్చక్షరాలు పేర్చడం నాకు కొత్త, ‘జ్జే’ రెండుసార్లు తలకిందులుగా పడితే తీసి మళ్ళీ పేర్చాను.

యజమాని నిన్న చూశాడు. నెలాఖరుతో నా పని సరి. మొదటి పేజీలోంచి తీసెయ్యడానికి నా పేరు లేదు కనక ఆయనకు ఆ శ్రమ తప్పింది.

దుర్భిణి మళ్ళీ పంపుతున్నాను. ఈసారి ఇద్దరి పేర్లూ పార్సిలు మీదనే రాశాను.

పండుగకు అందుతుందో లేదో.

రామనాథం

*

కోంట
ఏప్రిల్ 20, 1947

చిరంజీవి తమ్ముడు రామనాథానికి,

అందింది. పండుగ నాడు పొద్దున్నే పడవ దిగింది. ఈసారి నేను ముందు చదివాను. పేర్లు చూశాను. రెండూ ఒకే అక్షరాల్లో ఉన్నాయి. ముగింపులో ఒక్క మాట కూడా నువ్వు దిద్దలేదు, ఒకచోట దిద్దాల్సింది కూడా వదిలేశావు. బాగుంది.

పెద్దలు విత్తనాల బుట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. సంత కూడా ఆ రోజే, జనం నిండుగా ఉన్నారు. భీమా నన్ను చూసి, “మళ్ళ కాయితం తెచ్చినవా సావుకారమ్మా? ఈసారి పిల్లకు ఏం పేరు పెట్టిండ్రు?” అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. “నోరు మూసుకుని విను,” అన్నాను. మూసుకున్నాడు.

తాయారు నిలబడి చదివింది. తెలుగు రానివాళ్ళకు పక్కనుండి ఒకామె దోర్ల భాషలో చెబుతూ పోయింది. సత్యయంత్రం ‘గజామూంగ్, గజామూంగ్’ అని అరిచే చోట ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు తల పట్టుకునే చోట ఒక ముసలాయన, “మంచిగైంది వానికి!” అని నేల మీద కర్రతో కొట్టాడు. జనవరి సంచికలోని పిడికిలి గుద్దు ఎవరికీ గుర్తు రాలేదు.

కథ అయింది. తాయారు కింది పంక్తి చదివింది. “ఈ కథ రాసినవారు...” అని ఆగింది. తన పేరు చదివింది. తర్వాత పేరు మీద బొటనవేలు పెట్టి, ఇంకో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఎవరికీ ఒక క్షణం అర్థం కాలేదు. పొజ్జే, తల్లి వెనకాల కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

“ఏందే, సదువు,” అన్నాడు భీమా.

తాయారు తల అడ్డంగా ఊపింది.

అప్పుడు అర్థమైంది వాడికి. వాడి మొహం నేను నలభై ఏళ్ళలో అలా చూడలేదు. మొదట గంగే అంది, మెల్లగా. తర్వాత కర్ర ముసలాయన. ఆ తర్వాత బుట్టల దగ్గర ఆడవాళ్ళు, ఉప్పు కొనేవాళ్ళు, పడవవాడు, ఊరు పేరు తెలియని సంత జనం కూడా.

“పొజ్జే! పొజ్జే!”

ఆ పిల్ల లేచి వచ్చి పుస్తకం లాక్కుంది. వేలు పెట్టి తన పేరు తను చదువుకుంది. పై పేరు దగ్గరికి వేలు జరిపి, నోరు మూసుకుని, అందరి వైపూ చూసింది. ఈసారి ఎవరూ ఆలస్యం చెయ్యలేదు. “తాయారూ!” అని సంతంతా అరిచింది. పెద్దలు ఏం నిర్ణయిస్తారని ఎవరూ అడగలేదు, వాళ్ళు అప్పటికే విత్తనాలు పంచడం మొదలుపెట్టారు.

పొజ్జే తాయారును మోచేత్తో పొడిచింది. “గజామూంగ్, ఆ పెట్టె ఇప్పుడన్న ఇప్పుతవా, లేదా?” అంది. జనవరి తర్వాత అది ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ప్రస్తుతం దుర్భిణి గూడెంలో ఉంది. శబరి అవతల గట్టు మీద కోతులు ఏం తింటున్నాయో ఊరందరికీ తెలుసు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ ఎముకల దండ బొమ్మ గుర్తొస్తే మళ్ళీ వస్తుంది. ఆ సంచిక ఎప్పటికీ అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. నువ్వు కూడా మరచిపోకు. నెలాఖరున పని అయ్యాక ఇక్కడికి రా. అరుగు మీద తెలుగు చదవాలని ఇప్పుడు గూడెం నుంచి ఇంకా పిల్లలు వస్తున్నారు, నాకు ఒక్కదానికి గొంతు చాలడం లేదు. జనవరిలో రాయకుండా ఆపిన దీవెనలు కూడా వచ్చినప్పుడే తీసుకుందువుగాని.

ఇంకొకటి. సంతలో అరుపులు సద్దుమణిగాక నేను లేచి నిలబడి, ఈ పుస్తకం చేసినవాడు నా తమ్ముడు రామనాథం అని చెప్పాను. ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

అక్క,
కన్యకమ్మ